నిప్పున్న వైపు

ఆ రోజుల్లో లోకంలో నేను బాగుచేయలేని వస్తువు లేదని నా గట్టి నమ్మకం. చదువు సగంలో ఆపి, రంగూన్‌లోని లమ్మడా పేటలో ఒక వేప్ దుకాణంలో పనికి చేరాను. వేప్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, అది నిప్పు లేని సిగరెట్టు. లోపల సన్నని తీగ మెలిక ఒకటి ఉంటుంది, దాన్ని కాయిల్ అంటాం. ఆ మెలికలో దూది, దూది చుట్టూ మామిడిపండు వాసనదో పుదీనా వాసనదో ద్రవం. మీట నొక్కితే తీగ వేడెక్కుతుంది, ద్రవం ఆవిరై పొగలా నోట్లోకి వస్తుంది. దూది మాడితే కాయిల్ మార్చాలి, ద్రవం కారితే రబ్బరు రింగు మార్చాలి. ఇంతే విద్య. కానీ ఆ చిన్న స్క్రూడ్రైవరూ పట్టకారూ పట్టుకుని గాజుబల్ల వెనక కూర్చుంటే, నేను గుండె ఆపరేషన్లు చేస్తున్నట్టే ఉండేది నాకు. మా యజమాని చైనా బర్మీయుడు, అందరం కోజీ అని పిలిచేవాళ్లం, అంటే పెద్దన్న. ఆయన నా చేతి పని మెచ్చుకున్న రోజున మా ఇల్లున్న పజుండౌంగ్ వెళ్లే బస్సులో నిలబడే చోటు లేకపోయినా నాకు కోపం వచ్చేది కాదు.

ఇంట్లో నా విద్యకు విలువిచ్చిన మనిషి లేడు. ముఖ్యంగా మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవులో పనికొచ్చిన కుటుంబం మాది. (ఊరి పేరు మారి యాంగోన్ అయిందని ఎందరు చెప్పినా మామ్మ ఒప్పుకోలేదు. తనకు చెప్పకుండా ఎలా మారుస్తారని ఆవిడ ప్రశ్న.) మా అమ్మ గంజాం వైపు పిల్ల కాబట్టి ఆవిడ తెలుగులో ఒరియా, నాన్న తెలుగులో బర్మీస్, నా తెలుగులో రెండూ. ఇంట్లో ఒక వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి అదే తెలుగులో ముగించగలిగింది మామ్మ ఒక్కతే. నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు, గుంటా అనేది, అంటే పిల్లా అని. ఇప్పుడు నేనీ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆ నోటి చలవే.

ఆ నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది, అదీ మామూలుగా కాదు, అడ్డపొగ. చుట్ట వెలిగించి, వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని, చల్లని కొస బయటికి ఉంచి కాల్చడం. మా వైపు ఆడవాళ్లకు అది తాతల నాటి అలవాటు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు, రెండు చేతులూ పనిలో ఉన్నా బూడిద పిండిలో పడదు, అదీ దాని సుఖం. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా మామ్మ ఎక్కడుందో నాకు వెతుక్కునే పని లేదు. చీకట్లో ఆవిడ బుగ్గ లోపలినుంచి ఎర్రగా వెలిగేది. నేను అటు నడిచి ఒళ్లో కూర్చునేదాన్ని.

ఒక వేసవిలో మామ్మకు అన్నం మింగుతుంటే అంగిలి మండింది. లేడీ డాక్టరు (మేం సయామా అని పిలిచేవాళ్లం) టార్చి వేసి చూసి, పైన తెల్లమచ్చ కట్టిందని చెప్పింది. నిప్పు ఇంకా నోట్లో పెట్టుకుంటే అది పుండవుతుంది, చుట్ట ఈ రోజే మానేయాలి, వానలు తగ్గాక మళ్లీ చూస్తాను, అప్పటికీ మచ్చ తగ్గకపోతే ముక్క కోసి పరీక్షకు పంపాలి అంది. లోపలికి పాకి ఉంటే అంగిలిలో పెద్ద భాగమే తీసేయాల్సి రావచ్చని కూడా అంది. మామ్మ బర్మీస్‌లో ఒకటే అడిగింది, తీసేస్తే మాట వస్తుందా అని. సయామా టార్చి ఆర్పి చీటీ రాయడం మొదలుపెట్టింది. తిరుగు బస్సులో మామ్మ కిటికీ వైపు చూస్తూ, "పళ్లు పోయినా తిన్నాను. సెవులు మందగించినా ఇన్నాను. మాట పోతే మరేటి మిగుల్తాది గుంటా" అంది. ఆవిడకు భయం వేయగా చూడటం నాకదే మొదలు.

అక్కడే నాలోని ఇంజినీరు లేచాడు. చుట్ట మానడానికి వేప్ ఉండగా భయమెందుకు? మర్నాడే దుకాణంలో పెన్ను లాంటి సన్నని వేప్ ఒకటి తీసుకుని, నికొటిన్ బొత్తిగా లేని ద్రవం పోసి, మామ్మ ముందు కూర్చుని పాఠం మొదలుపెట్టాను. మీట ఇది, ట్యాంకు ఇది, మీట నొక్కినప్పుడు అడుగున ఎర్ర దీపం వెలుగుతుంది. వాట్ల గురించీ దూది గురించీ కూడా చెప్పాను. మామ్మ ఓపిగ్గా విన్నది.

"బూడిదేదీ" అంది చివరికి.

"బూడిద ఉండదు మామ్మా."

"బూడిద లేంది అది కాల్తందో లేదో ఎలా తెలుస్తాదే?"

"దీపం వెలుగుతుందిగా."

"ఓహో, అయితే అదే నిప్పు" అని తల ఊపి, పెన్ను కొంగున ముడేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మా ఆడవాళ్లు పొగ తాగేటప్పుడు ఎవరూ ఎదుట నిలబడకూడదు, అది మర్యాద. నేనూ నిలబడలేదు. పాఠం బాగా చెప్పానని సంతోషపడి, ఆవిడ ఎలా తాగుతుందో చూడటం అవసరమనుకోలేదు.

వారం తిరక్కుండానే మొరాయింపు మొదలైంది. "గుంటా, నీ సామాను మాడు కంపు కొడతంది" అంది మామ్మ. విప్పి చూస్తే కాయిల్ బొగ్గు. కొత్తది వేశాను, అదీ బొగ్గయింది. దూది తక్కువైందేమోనని ఎక్కువ కూరాను. ఎక్కువైందేమోనని తీసేశాను. రబ్బరు రింగులు మార్చాను, ట్యాంకు మార్చాను, చివరికి బ్యాటరీ కూడా మార్చి, పాత పెన్నులో పేరు తప్ప ఏమీ మిగల్చలేదు. పైగా ఎప్పుడు తెచ్చినా అడుగుభాగం తడితడిగా ఉండేది. వానాకాలపు చెమ్మ అనుకుని స్పిరిటులో దూది ముంచి తుడిచేదాన్ని. కోజీ మాడిన కాయిళ్లను దీపం కింద పెట్టి చూసి, మీ మామ్మ మనిషా రైలింజనా అని అడిగాడు. గట్టిగా దమ్ము లాగేవాళ్ల దగ్గర కూడా ఇంత త్వరగా మాడదట. లోపలికి గాలి లాగకుండా ఊరికే మీట నొక్కి పట్టుకుంటేనే ఇలా అవుతుంది, కానీ అలా ఎవరు చేస్తారు అన్నాడాయన. నేనూ అదే అన్నాను, ఎవరు చేస్తారని. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంటికి వెళ్తే మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఇన్ని కాయిళ్లు మాడుస్తోందంటే మామ్మ ఎంత పొగ మింగుతోందో, చుట్ట మాన్పించబోయి నేనే ఆ నోటికి ఇంకేదో తెచ్చిపెడుతున్నానేమో అని రాత్రులు దిగులు పట్టుకుంది. పెన్ను లాక్కుంటే చుట్ట ముడుతుంది, లాక్కోకపోతే ఇది. అమ్మ మాత్రం గుళ్లో రోజుకో కొబ్బరికాయ కొట్టి, ఆ చెక్కలతో పచ్చడి చేసి మా ప్రాణం తీస్తోంది. (మామ్మకు మాత్రం కారం లేకుండా.)

వానలు తగ్గాయి. సయామా దగ్గరకు వెళ్లాల్సిన ముందురోజు సాయంత్రం నేను మెట్లెక్కుతుండగా కరెంటు పోయింది. తలుపు తోసుకుని లోపలికి వచ్చి వంటింటి వైపు చూస్తే, చీకట్లో మామ్మ బుగ్గ ఎర్రగా వెలుగుతోంది.

అంతా అయిపోయింది, చుట్ట మానలేదు, రేపు కోత తప్పదు అనుకున్నాను. "ఎందుకిలా చేశావు మామ్మా, ఒగ్గేసినావని నమ్మినాను గదా" అంటూ అక్కడే గడప మీద కూలబడి ఏడ్చేశాను. బుగ్గ ఆరిపోయింది. మామ్మ నోట్లోంచి ఏదో తీసి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. చుట్ట కాదు, నా పెన్ను. అడుగుభాగం తడిగా, వెచ్చగా ఉంది.

"ఇదేటి, ఇలా తిప్పి పెట్టుకున్నావేటి?" అన్నాను.

"నువ్వే గదే దీపం అటు ఉందని సూపినావు."

"దీపం కింద ఉంటాది మామ్మా. పీల్చేది ఈ పైనున్న మూతి."

మామ్మ నా వైపు జాలిగా చూసింది. చీకట్లో కనబడలేదు గానీ, గొంతులో ఆ జాలి వినిపించింది. "ఓలే గుంటా, నిప్పున్న కాడ నోట్లో ఎట్టుకోక, నిప్పు లేని కాడ ఎట్టుకుంతారేటే ఎవులైనా?"

అప్పుడు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి, కాయిళ్లు ఎందుకు మాడాయో, అడుగు ఎందుకు తడిసిందో. ఇన్ని నెలలూ మా మామ్మ దీపం వైపు నోట్లో పెట్టుకుని, మీట నొక్కి పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ఆ కాస్త పొగా అటు కొసనుంచి గాల్లోకి పోయింది. ఒక్క దమ్ము కూడా లోపలికి పోలేదు. "మరి పొగ రాలేదని నాకు చెప్పలేదేం" అని అడిగితే, "నువ్వు అంత ఇదిగా బాగుసేస్తన్నావు, బాలేదని ఎలా సెప్పనే? నీ మొకం సిన్నబోతాది గదా" అంది. చుట్ట లేక నోరు ఊరుకోవడం లేదని, నేను తెచ్చానని దీన్ని పెట్టుకుందట. నేను ఆవిణ్ణి వాటేసుకుని మళ్లీ ఏడ్చాను, ఈసారి నవ్వుతూ.

మర్నాడు సయామా టార్చి వేసి చాలాసేపు చూసింది. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి, ఉన్న దేవుళ్లందరినీ పిలుస్తోంది. మచ్చ చాలావరకు పోయింది, గులాబీ రంగు తిరిగింది, కోయక్కర్లేదు అంది సయామా. ఏ మందు వాడారని అడిగింది. మామ్మ కొంగు ముడి విప్పి, పెన్ను తిప్పి పట్టుకుని, దీపం వైపు నోట్లో పెట్టుకుని చూపించింది. సయామా కిటికీ వైపు తిరిగి, భుజాలు కదలడం ఆగాక ఇటు తిరిగింది. ఇది మందేమీ కాదు, నోట్లోంచి నిప్పు పోయింది, అందుకే తగ్గింది, ఇక దీని పొగ కూడా వద్దు అని గట్టిగా చెప్పింది. మామ్మ మొహం వాడిపోయింది.

ఆ సాయంత్రం నా ఉద్యోగ జీవితంలోకెల్లా గొప్ప మరమ్మతు చేశాను. కాయిల్ పీకేశాను, దూది పారేశాను, ట్యాంకు కడిగి ఆరబెట్టాను. కాయిల్ లేకుండా మీట నొక్కితే ఆ పరికరం ఏదో లోపమని చెప్పడానికి ఎర్రదీపం మినుక్కుమనిపిస్తుంది. మామ్మకు అది చాలు. ఆ తర్వాత ఆ పెన్నుకు నేను చేసిన సేవంతా అడుగుభాగం శుభ్రంగా తుడవడమే. అది పెదవి పక్కకు తోసి, తన చిన్ననాటి కబుర్లన్నీ చెప్పేది మామ్మ. అంగిలి చెక్కుచెదరలేదు. చివరిరోజు దాకా మాట తగ్గలేదు, మమ్మల్ని ఒక్కర్నీ తిట్టకుండా వదల్లేదు.

దుకాణం మూతపడి చాలా కాలమైంది. నేనిప్పుడు ఊరి చివర మింగళాడోన్ వైపు ఒక ఆఫీసులో పని చేస్తున్నాను, అక్కడ ప్రింటరు ఆగిపోతే నన్నెవరూ పిలవరు. మా అమ్మాయికి ఆరేళ్లు. తెలుగులో ఏది అడిగినా బర్మీస్‌లో జవాబు చెబుతుంది, నేనూ అలసిపోయి వదిలేస్తూ వచ్చాను. మొన్నొక సాయంత్రం కరెంటు పోతే, కొవ్వొత్తి కోసం సొరుగులో చెయ్యి పెడితే ఆ పెన్ను తగిలింది. ఛార్జింగ్ ఎక్కించి ఉంచడం నేను మానలేదు లెండి. చూసేవాళ్లు లేరు కదా అని దీపం వైపు నోట్లో పెట్టుకుని మీట నొక్కాను. వేడీ లేదు, పొగా లేదు, ప్లాస్టిక్కు రుచి. ఇందులో ఏం సుఖముందో, మామ్మా అనుకుంటుండగా చీకట్లోంచి చిన్న అడుగులు నా వైపు వచ్చాయి. అమ్మాయి వచ్చి నా బుగ్గ మీద వేలు పెట్టి, "ఏటమ్మా ఇది?" అంది. అంతంత పాఠాలు చెప్పిన దాన్ని, నోటినిండా పెన్ను ఉండి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. మీట మాత్రం వదల్లేదు. పిల్ల తడుముకుంటూ నా ఒళ్లోకెక్కి కూర్చుంది.