సిగ్నల్ దగ్గర వచ్చే వాసన

గేర్ ఆయిల్ మార్పించిన మర్నాటి నుంచే నా కారులో వాసన మొదలైంది. అడుగంటిన మూకుడు లాంటి మాడిన నూనె వాసన. సాయంత్రం కాలేజీ నుంచి తిరిగొస్తూ ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగగానే ముక్కుకు తగిలేది. బండి కదిలి కాస్త వేగం అందుకుంటే పోయేది.

పెద్ద అంబర్‌పేట్ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఎడమ మోకాలు పాడై క్లచ్ తొక్కలేకపోతుంటే, సెకండ్ హ్యాండ్‌లో ఈ ఆటోమేటిక్ కారు కొనుక్కున్నాను.

ఇలాంటి వాసన వస్తే పక్కనున్న మనిషిని "నీకూ వస్తోందా?" అని అడుగుతాం. అక్కడితో తేలిపోతుంది. నాకు అడగడానికి పక్క సీటులో ఎవరూ లేరు. అంతకుముందు నాలుగేళ్లు ఒకామె ఉండేది. మా కాలేజీలో లెక్కలు చెప్పే ఆమె రోజూ ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ కింద నా కారు ఎక్కేది. మొన్న వేసవిలో ఊరికి అటు చివర ఫ్లాట్ కొనుక్కుని, ఉద్యోగం కూడా అటే మార్చుకుంది. మా మధ్య గొడవేమీ లేదు. దూరం, అంతే.

పైగా నా ముక్కును నేనే నమ్మను. కరోనాలో పోయిన వాసనలు చాలా కాలానికి తిరిగొచ్చాయి గానీ, సరిగ్గా రాలేదు. కొన్నాళ్లపాటు కాఫీ కాలిన రబ్బరులా ఉండేది. ఇదీ అలాంటిదేనేమో.

ఒకరోజు పొద్దున మా వాచ్‌మన్‌ని పిలిచి బానెట్ ఎత్తి చూపించాను. వంగి, రెండుసార్లు గట్టిగా పీల్చాడు.

"ఏం ఒస్తలేదు మేడం. మంచిగనే ఉంది గద."

లెక్కల ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. "ఫోన్ల నాకెట్ల తెలుస్తదే వాసన?" అని నవ్వింది. నేనూ నవ్వాను. క్లాసుంది, మళ్లీ చేస్తానంది. చేయలేదు.

ఆదివారం సరూర్‌నగర్‌లోని మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాను. ఆయిల్ మార్చింది అక్కడే. షెడ్డాయన నల్గొండ వైపు మనిషి, అరవై దగ్గర పడుతున్నాయి. ఇంజన్ చుట్టూ చూసి, కిందికి వంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏం లేదమ్మా. ఎక్కడ కారుతలేదు."

"నేనొక్కదాన్నే ఉన్నప్పుడే ఒస్తుందన్నా."

ఆ మాట అలా ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుని, పక్క సీటు వెనక్కి జరిపి కూర్చున్నాడు.

"నడువు. చూద్దాం."

పెద్ద అంబర్‌పేట్ దాకా పోయి వెనక్కి తిరిగాం. ఆ దారి పొడవునా ఆయన ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. ఎక్కడ పాత లారీ షెడ్లుండేవో, ఏ గుంత ఎన్ని బండ్ల కింది భాగాలు పగలగొట్టిందో. నేను ఊఁ కొడుతూ నడిపాను. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. ఆగాను. ఆయన మాట ఆపి ముక్కు కొంచెం పైకెత్తాడు.

"ఒస్తుంది."

"నిజంగనా అన్నా?"

"నిజమే. గేర్ నూనెనే. నీ ముక్కుకేం కాలేదమ్మా."

కళ్లలో నీళ్లు తిరిగాయి. పచ్చ లైటు పడిన సంగతి వెనక హారన్లు మోగితే గానీ తెలియలేదు.

తర్వాతి సిగ్నల్ దగ్గర ఏసీని బయటి గాలి రాకుండా లోపలి గాలి మీద పెట్టమన్నాడు. వాసన తగ్గింది. "అంటే బయటికెల్లి ఒస్తుంది. వేడి పైపు మీద నూనె పడుతుంది" అన్నాడు. షెడ్డుకు పోయాక ముందు ఆయిల్ ఎంతుందో కొలిచాడు. తగ్గలేదు. బండి పైకి లేపి, కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ రేకు విప్పాడు. దాని మడతలో ఎర్రటి నూనె నిలిచి ఉంది. ఆయిల్ పోసేటప్పుడు ఒలికినది అక్కడ చేరి, బండి కుదిపినప్పుడల్లా చుక్కచుక్కగా పొగగొట్టం మీద పడి మాడుతోంది.

"నా చేతి తప్పే ఇది" అన్నాడు. అంతా కడిగి తుడిచాడు. "పైపుకు అంటుకున్నది కాలిపోయేదాక ఒకటి రెండు దినాలు ఒస్తది. పరేషాన్ గాకు."

సోమవారం సాయంత్రానికి వాసన పూర్తిగా పోయింది. మంగళవారం ఆయనే ఫోన్ చేశాడు.

"పోయిందా అమ్మా?"

"ఇంక జరంత ఒస్తుందన్నా" అన్నాను.

అది అబద్ధం.

"అయితే రేపు సాయంత్రం నాకు ఎల్బీనగర్ల పని ఉన్నది. నువ్వొచ్చే యాళ్లకు రోడ్డు మీద ఉంట. ఎక్కించుకో, చూస్త."

బుధవారం ఎక్కాడు. మొదటి సిగ్నల్ దగ్గర ఏమీ అనలేదు. రెండో దాని దగ్గరా అనలేదు. ఇక నా వల్ల కాలేదు.

"వాసన సోమవారమే పోయిందన్నా. మీకు ఊకెనే చెప్పిన."

"ఎక్కంగనే ఎరుకైంది."

"మరి చెప్పలేదేంది?"

"మా ఇంటామె పోయినంక నేను గూడ గిట్లనే చేసిన. దినాం దవాఖానకు పోయేటోన్ని, బీపీ చూడుమని. నాకు బీపీ లేదు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు గానీ, సీటులో వెనక్కి చేరగిలబడ్డాడు.

సరూర్‌నగర్ మలుపులో ఆపమన్నాడు. దిగి, తలుపు మెల్లగా వేసి, బండ్ల మధ్య నుంచి రోడ్డు దాటి పోయాడు. రేపూ ఇదే వేళకు ఎక్కుతారా అని అడగాలనుకున్నాను. అద్దం దించేలోపే వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. ముందుకు కదిలాను.