గంగులమ్మత్త ముందే అడిగిన చీర

మా వంశంలో ఆడవాళ్లకు చచ్చిపోతే తప్ప మంచి చీర దొరకదు. కోపంతో అంటున్నాను గానీ అబద్ధం కాదు. మాలో ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి శవం మీద కప్పాలి. తేలేనివాడు నలుగురిలో తలెత్తుకోలేడు. బతికున్నప్పుడు తేకపోతే మాత్రం అడిగే దిక్కు లేదు.

గంగులమ్మత్త మా నాయన మునిరామయ్యకు అక్క. రేణిగుంట స్టేషన్ బయట ఇడ్లీల అంగడి పెట్టుకుని బతికేది. నోరు పెద్దది, మొహమాటం తక్కువ.

డెబ్బై ఎనిమిదిలో కార్వేటినగరంలో మా పెద్దత్త తిరుమలమ్మ పోయింది. ఇరవై ఏళ్లు రెండే నూలు చీరలు మార్చి మార్చి కట్టిన మనిషి. నాయన ఆ రోజు తిరుపతికి పరుగెత్తి ఎర్రంచు పట్టుచీర తెచ్చి, అందరికీ కనపడేలా విప్పి మరీ కప్పాడు. "తమ్ముడంటే ఇట్లుండాల" అని చుట్టాలు మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

గంగులమ్మత్త ఏడుపు ఆపి ఆ చీర చెంగు పట్టుకుని చూసింది.

"ఇంత మంచి గుడ్డ అంగట్లో ఉండాదని నీకు ఇన్నాళ్లూ తెలీలేదా రా?" అంది.

నాయన తల దించుకున్నాడు. సిగ్గుతో కాదు. శవం దగ్గర జవాబు చెబితే మర్యాద పోతుందని.

ఏడాది తిరక్కుండా మా నడిపత్త కూడా పోయింది. మళ్లీ పట్టుచీర, మళ్లీ మెప్పులు. ఆ కర్మ ముగిసిన వారానికి గంగులమ్మత్త ఏర్పేడులో మా ఇంటికొచ్చి వసారాలో కూర్చుంది.

"ఇంక మిగిలింది నేనొకదాన్నే. నా చీర ఇప్పుడే తీసియ్యి. కట్టుకోని సినిమాకి పోవాల, గంగజాతరకి పోవాల."

"చావు చీర బతికుండే మనిషికి ఇస్తారా అక్కా? అపశకునం గదా!"

"సచ్చినాక తెస్తే నేను సూస్తానా? సూసేది ఊరోళ్లు. అట్లయితే వాళ్లకే ఇయ్యి పో."

నాయన ఒప్పుకోలేదు. అత్త ఊరుకోలేదు. కనిపించిన ప్రతిసారీ అడిగింది. చివరికి ఒక పెళ్లిలో, పదిమంది భోజనాలు చేస్తుండగా, పంక్తి మధ్యలో నిలబడి అడిగింది. ఆ నెలలోనే చీర వచ్చింది. ప్రేమతో కొన్నాడని ఎవరైనా అంటే నవ్వుతాను.

ఆకుపచ్చ పట్టు, పసుపుపచ్చ అంచు. "మళ్లీ తేను. ఆ పొద్దు ఉత్త చేతుల్తో వస్తా" అన్నాడు నాయన.

"రా" అంది అత్త.

ఆ చీరను ఆమె దాచలేదు. కట్టుకునే పిండి రుబ్బింది, పొయ్యి ముందు కూర్చుంది, జాతరలో జనాన్ని తోసుకుంటూ తిరిగింది. సాంబారు మరకలు పడ్డాయి. అంచు చిరిగితే కుట్టుకుంది. "చావు చీర కట్టుకోని తిరగతా ఉండాది" అని మా బంధువులు మూతులు తిప్పారు. ఈ మాటన్న ఆడవాళ్ల పెళ్లి చీరలు పెట్టెల్లో కలరా ఉండల మధ్య మడతల్లోనే పిగిలిపోయాయి. అది వాళ్లకు అపశకునంగా తోచలేదు.

ఎనభై ఆరులో అత్త నిద్రలోనే పోయింది. నాయన అన్నమాట ప్రకారం ఉత్త చేతులతో వచ్చాడు. వెలిసిపోయిన ఆ ఆకుపచ్చ చీరే ఆమెకు కట్టారు. పుట్టింటి చీర లేని చావని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. నాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క కోసమో పరువు కోసమో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం దుఃఖంతో పాటు అసూయ కూడా కలిగింది. పట్టుచీరలో పెద్దత్త ఎలా నడిచేదో ఎవరూ చూడలేదు. గంగులమ్మత్త ఎలా నడిచేదో రేణిగుంట అంతా చూసింది.

మగవాళ్లు శ్మశానం నుంచి తిరిగొచ్చారు. వాళ్లలో మా మేనమామ దొరస్వామి కూడా ఉన్నాడు. మా అమ్మ మునిలక్ష్మి పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఆరోజు తలస్నానం చేసి, తడి జుట్టుతోనే వచ్చి, అందరి ముందూ మామకు ఎదురుగా నిలబడింది.

"అన్నా, నా చీర నాకు ఇప్పుడే ఇచ్చేయ్. గులాబీ రంగుది తీసియ్యి" అంది.