చెప్పి వెళ్లిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ మొన్న ఆదివారం పొద్దున పోయారు. ఫోనులో విన్నాక కూడా బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉన్నాను. చాటలో రాళ్లు లేవని చాలాసేపటికి తెలిసింది.

ఆమె వైద్యం ఎలాంటిదో మీకు చెప్పాలి. మేడ్చల్ బస్టాండు దగ్గర, మందుల దుకాణం మీద ఆమె గది. తొంభైల చివర్లో మా ఆయన నన్నక్కడికి తీసుకెళ్లాడు. గోదాములో డ్యూటీ దిగి ఆయన కాస్త ఆలస్యంగా వస్తే చాలు, నాకు ఊపిరాడేది కాదు. గేటు పట్టుకుని వణికిపోయేదాన్ని. గాలి సోకిందని మా అత్త గండిమైసమ్మ గుడికి తిప్పింది, తాయెత్తు కట్టించింది. ఏదీ పనిచేయలేదు. బతకాలన్న ఆశే పోతున్న రోజులవి.

డాక్టరమ్మ బిళ్లలివ్వలేదు. వారం వారం అదే కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడమనేవారు. నేను ఊరుకుంటే ఆమె కూడా ఊరుకునేవారు. ఊరికే మాట్లాడితే రోగం పోతుందా అని నాకు విసుగు. కళ్లు తుడుచుకోబోతే మాత్రం "జల్దీ తుడ్సుకోకు. తొందరేమున్నది?" అనేవారు.

ఒక ఎండాకాలం, వచ్చే వారం తాను ఉండనని చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"పోండ్రి! అందరు గిట్లనే పోతరు" అని అరిచాను.

"అందరంటే? ముందుగాల ఎవరు పోయిండ్రు?"

అమ్మ. నా చిన్నప్పుడు శామీర్‌పేటలో కాన్పు కష్టమై చనిపోయింది. నన్ను పక్కింట్లో ఉంచి, "అమ్మ ఊరికి పోయింది, వస్తది" అన్నారు పెద్దలు. పసిపిల్ల తట్టుకోలేదని అలా అన్నారు. నేను నమ్మి రోజూ గడపలో కూర్చున్నాను. వస్తుందన్న మనిషి కోసం ఏడవడం కూడా కుదరదు కదా.

"గేటుకాడ నువ్వు చూసేది నీ పెనిమిటి కోసం కాదు బిడ్డా. ఇప్పటికీ అమ్మ కోసమే చూస్తున్నవ్" అన్నారు డాక్టరమ్మ.

ఆ కుర్చీలోనే మా అమ్మ కోసం ఏడ్చాను. భయం ఒక్కసారిగా పోలేదు, ఏళ్లు పట్టింది. కానీ అది ఎక్కడిదో తెలిశాక గేటు దగ్గర ఊపిరాడింది.

పోయిన వారం కొంపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. క్యాన్సరు ఆమెను పూర్తిగా తినేసింది. మా వైపు సెలవు తీసుకునేటప్పుడు "పోత" అనరు, అశుభం. ఎవరైనా "పోయొస్త" అనే అంటారు. నేనూ అలాగే లేచాను.

"పోయొస్త డాక్టరమ్మా. వచ్చే వారం మల్ల వస్త."

"నువ్వస్తవ్ బిడ్డా. నేనుండ. నేను పోతున్న" అన్నారు. "నీకు చెప్పకుంట పోవద్దని చెప్తున్న."

గడప దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, దుప్పట్లోంచి సన్నటి చెయ్యి పైకి లేచి ఊగుతోంది. నేను కనిపించినంతసేపూ ఆమె దాన్ని దించలేదు.