మా పంతులు కొట్టేసిన పేర్లు

మా పంతులు పోయాడన్న కబురు మహదేవపూర్ దిక్కు నుంచి చీటీ మీద వచ్చింది. నేను మగ్గం మీద ఉన్నాను. చీటీ అందుకున్నది మా అక్క. నా చేతికి ఇవ్వలేదు. వాకిట్లో నల్లబండ మీద కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నేను జానెడు బట్ట నేసినంతసేపు పట్టింది.

"పంతులు సచ్చిపోయిండట తమ్మీ. సలిజరమట" అంది.

నేను లాక్కుని చదివితే చిటికెలో అయ్యేది. ఎందుకు లాక్కోలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొడకండ్ల దగ్గర మాది మగ్గాల వాడ. పంతులూ మాలాగే నేసేవాడే. జీతం లేదు, కుర్చీ లేదు, బడి లేదు. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు నూలు చాపి గంజి పెడతాం. అది ఆరేదాకా మాకు పని ఉండదు. ఆ కాస్త సేపే ఆయన బడి. పలకలు ఎవరికున్నాయి? మిగిలిన గంజినీళ్లలో వేలు ముంచి నల్లబండ మీద రాయించేవాడు. ఎండకు అక్షరం ఆరిపోయేది. మళ్లీ రాయాలి. "ఎండను మించిన పంతులు లేడు. కొట్టదు, తిట్టదు, మల్ల రాయమంటది" అనేవాడు.

వాచకం అప్పజెబితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. దుకాణంలో బెల్లం కట్టిచ్చిన కాగితం విప్పి ముందు పెట్టేవాడు. "కొత్త కాగితం ముఖమెరగని సుట్టం. దాన్ని పలకరియ్యొస్తేనే సదువొచ్చినట్టు."

నాకు ఆయన నేర్పలేదు. నూలు కట్టల మీది చీటీలు, గోడల మీది కాగితాలు చూసి నేనే నేర్చుకున్నాను. ఆ సంగతి పొగరుగా చెబితే నవ్వాడు. "అయితె నాకో పని తప్పింది. సిరా పట్టుకొని కూసో, పేర్లు రాద్దువు."

అవి దొరల మీద తిరగబడ్డ సంఘం మా ఊళ్లోకి వచ్చిన రోజులు. ఉగాదికల్లా ఊరికి యాభై మంది చదువు పూర్తి చేయాలని పైనుంచి కబురు వచ్చింది. అందులో మంచి లేదని నేను అనను. అంతకుముందు దొర గడీలో ఊడ్చే ఆడోళ్లకు చదువు కావాలని ఎవడికి తోచింది? యాభై నిండాలి కాబట్టే సంఘపోళ్లు గడీ ముందర నిలబడి, "పడుగు ఆరేదాక ఈళ్లను ఇడువాలె" అన్నారు. ఆ లెక్క లేకుంటే ఆ ఆడోళ్లు ఇప్పటికీ ఎవరికీ గుర్తుకురారు. మా అక్క కూడా వాళ్ల పక్కనే కూర్చుంది.

ఉగాది దగ్గరపడింది. చదువు వచ్చినవాళ్లు ముప్పై మందే. సంఘం తరఫున ఊళ్లు తిరిగే అన్న వచ్చాడు. చెడ్డవాడేం కాదు. నడిచి నడిచి కాళ్లు పుండ్లయి ఉన్నాయి.

"పంతులూ, సుట్టుపక్కల ఊర్లన్ని పూర్తి జేసినయి. మీ ఊరొక్కటే ఎనుకపడ్డది. పైన నేనేం జెప్పాలె?"

"రానోళ్లకు రాలేదని చెప్పు."

"పేర్లయితె రాయి. సదువు ఎనుక వస్తది."

రెండు రోజులు పంతులు ఒప్పుకోలేదు. మూడో రోజు మిగిలిన ఇరవై మందినీ పిలిచి వాచకం చేతికిచ్చాడు. ఒక్కసారి చూసిన అంచు బుటాను ఏడాది గుర్తుంచుకునే మనుషులు మావాళ్లు. విన్న పాఠమంతా మనసులో పెట్టుకున్నారు. మా అక్క గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. చేతిలో పుస్తకం తలకిందులుగా ఉంది.

"రాయి" అన్నాడు నాతో.

"పుస్తకం తలకిందులున్నది."

"నాకూ కండ్లున్నయి. రాయి. పండుగెనుక నేర్పుత."

రాశాను. నా మంచి దస్తూరీతో రాశాను. నా చేతులు విరగ.

ఉగాదినాడు సంఘం సభలో పేర్లు చదివారు. మా అక్క పెండ్లి చీర కట్టుకుని వచ్చింది. పేరు వినగానే లేచి నిలబడింది. ఆమె అంత నిటారుగా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత సంఘం కబుర్ల చీటీలు ఆ జాబితాలో పేరున్నవాళ్ల చేతికే ఇచ్చేవాళ్లు. పంతులు నేర్పుతానన్నది ఇంకా మొదలు కాకముందే, ఒక మధ్యాహ్నం మా అక్క చేతిలో చీటీ పెట్టి మనిషి ఆగకుండా వెళ్లిపోయాడు. నేనూ పంతులూ నూలుకు జనగామ పోయి ఉన్నాం. అడవిలో ఉన్న సంఘం దళానికి జొన్నలు మోసుకుపోవడానికి బావ మూట కడుతున్నాడు.

"ఏమున్నదే అండ్ల?" అని అడిగాడట.

అక్క చూసింది. బొడ్లో దోపుకుంది. "ఎప్పటిదే. అందరు మంచిగున్నరట" అంది. పంతులు రాగానే అడుగుదామనుకుంది. బావకు అక్షరం ముక్క రాదు. పెండ్లాం చదువు పూర్తి చేసిందని ఊరంతా చెప్పుకుంటాడు. మూట ఎత్తుకుని పెద్దవంగర బాట పట్టాడు.

చీటీలో రెండే ముక్కలు. "పెద్దవంగర బాటల పోవద్దు. వాగు కాడ మిలిట్రీ ఉన్నది." అది చదివింది నేను, వాగులో బావ శవం దొరికాక.

"ఎందుకు జెప్పలేదే అక్కా?"

"నలుగుట్ల నా పేరు సదివిండ్రు గద. రాదని ఏ నోటితోని చెప్పాలె?"

పంతులు జాబితా పట్టుకుని అందరి ముందూ నిలబడ్డాడు. మా అక్క పేరు మొదట కొట్టేశాడు. తర్వాత పంతొమ్మిది. ప్రతి పేరు దగ్గరా ఆగి, "ఈమెకు సదువు రాదు. తప్పు ఈమెది గాదు, నాది" అన్నాడు.

"పైకి పోయిన లెక్క పంతులూ. ఇప్పుడు కొట్టేస్తె ఏమొస్తది?" అన్నాడు సంఘం అన్న.

"కొట్టెయ్యకుంటె ఇంకో చీటీ ఒస్తది" అన్నాడు పంతులు.

ఆ తర్వాత రోజూ పొద్దున బండ దగ్గర కూర్చునేవాడు. మా అక్క ఆయన ముఖం చూడలేదు. ఆయన లేవలేదు. నెల దాటాక ఒకనాడు అక్కే వచ్చి గంజినీళ్లలో వేలు ముంచింది. నేర్పడం పూర్తి కాకముందే మిలిట్రీ ఆయన కోసం వెతకడం మొదలైంది. గోదావరి దిక్కు పోతూ నాతో అన్నది ఒక్కటే: "అక్కకు నువ్వు సదివిపెట్టకు. ఎంతసేపయితె గంతసేపు ఆమెనే సదవనియ్యి."

మొన్న జనగామ స్టేషన్ ముందర చాయ్ తాగుతుంటే ఒకాయన పేపరు చూస్తూ పక్కాయనతో అంటున్నాడు, ఇన్ని ఏళ్లకల్లా దేశానికి ఇంతమంది కాలేజీ చదువు పూర్తి చేసినవాళ్లు కావాలని లెక్క కట్టాలట. కట్టండి. లెక్క లేకపోతే మా వాడ మీకు గుర్తుకురాదు, అది నాకు తెలుసు. కానీ లెక్క నిండలేదని పంతుళ్ల గొంతు మీద కూర్చుంటే వాళ్లు డిగ్రీ కాగితాలు ఇచ్చేస్తారు. దాన్ని నమ్ముకుని ఎవడో ఒకడు మూట ఎత్తుకుని బాట పడతాడు. ఆ శవాన్ని మోసేది మీరు కాదు.

పంతులు మీద నా కోపం చల్లారలేదు. నా మీదా చల్లారలేదు. కానీ తప్పు తనదని నలుగురిలో చెప్పిన మనిషిని నేను ఆయన ఒక్కణ్ణే చూశాను.

ఆ చావుకబురు చీటీ మహదేవపూర్ దిక్కున ఆయన దగ్గర నేర్చుకున్నవాడెవడో రాశాడు. అక్షరాలు వంకరటింకర. చివర ఇలా ఉంది: "మేము ఐదుగురము నేర్చుకుంటిమి. నలుగురికి వచ్చినది. నాకు ఇంకా పూర్తిగ రాలేదు. తప్పులుంటె ఏమనుకోకుండ్రి."

అక్క ఆ చివరి ముక్కలు రెండుసార్లు చదివింది. చీటీ మడిచి బొడ్లో దోపుకుంది. గంజినీళ్లలో వేలు ముంచి బండ మీద పంతులు పేరు రాసింది. ఎండ ఎక్కువగా ఉంది. చివరి అక్షరం రాసేసరికి మొదటిది ఆరిపోయింది. అక్క మళ్లీ వేలు ముంచింది.