సగం థ్రెడ్డు కోసిన కడ్డీ

బాబూరావు ఎలాంటి పనివాడో కారేపల్లిలో ఎవర్నడిగినా చెబుతారు. బోరు మోటారు షాఫ్టు అరిగినా, ట్రాక్టరు పిన్ను విరిగినా ఖమ్మం దాకా పరుగెత్తే పని లేకుండా ముప్పై ఏళ్లు ఆదుకున్న చెయ్యి అది. అయితే నేను చెప్పబోయేది అతని గురించి కాదు, అతని భార్య సరళ గురించి. ఆమె పేరెత్తితే మాత్రం అందరూ ఒకే మాట, "పిచ్చి లేసింది ఆమెకు." అనేవాళ్లకేం పోయింది! నోరుంది, అంటారు. ఆ పదకొండు నెలలు ఆమె ఇంట్లో ఒక్క పూట ఉండి చూడమనండి.

కిందటి మిరప కోతలప్పుడు జరిగింది. ఒక రైతు తెచ్చిన ఇనుప కడ్డీకి బాబూరావు తన పాత లేత్ మెషీన్ మీద థ్రెడ్డు, అంటే మర చుట్లు, కోస్తున్నాడు. సగం చుట్లు పడ్డాయి. పక్కన గేర్ల దగ్గర చప్పుడు తేడాగా ఉందని మెషీన్ ఆపాడు. ఒక గేరు ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు. అంతే, నిలుచున్న చోటే కూలిపోయాడు.

ఖమ్మం దవాఖానాలో ప్రాణం నిలబెట్టారు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. "మనం మాట్లాడేది ఆయనకు ఎంత అర్థమవుతుందో మేం చెప్పలేమమ్మా" అన్నాడు డాక్టరు. చెప్పి ఆయన దారిన ఆయన పోయాడు. ఆ మాట మాత్రం సరళను పట్టుకుని వదల్లేదు.

తండాలోని ఇంటికి తెచ్చి మంచంలో వేశారు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. చూపు గోడ మీద. వచ్చినవాళ్లు అతని ఎదుటే అతని చావు గురించి మాట్లాడుకునేవాళ్లు. తమ్ముడు కిషన్‌లాల్ రోజూ దగ్గర కూర్చుని, "అన్నా, నేనెవర్ని?" అని అరిచి అరిచి, చివరికి ఒకరోజు తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ అన్నాడు.

"వదినా, అన్న ఎప్పుడో పోయిండు. ఒళ్లే మిగిలింది."

సరళకు ఒళ్లు మండిపోయింది. "నీకెట్ల తెలుసు? లోపలికి పోయి చూసొచ్చినవా?" అని కసురుకుంది. కసిరిందే గానీ, తనకు మాత్రం ఏం తెలుసు? ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషి లోపల ఉన్నాడో లేడో తెలియకుండా ఆ నోట్లో ముద్దలు పెట్టడం మామూలు నరకం కాదు.

ఒకసారి ఆటోలో దవాఖానాకు తీసుకెళ్తుంటే రోడ్డు పక్కన వాళ్ల షాపు వచ్చింది. బాబూరావు తల అటు తిరిగింది. షాపు దాటేదాకా అటే ఉంది. "గుంతల ఆటో ఊగింది, తల వాలింది" అంది అత్త హేమ్లి. సరళ ఒప్పుకోలేదు. అప్పుడే అనుకుంది, లేత్ బాగుచేసి, దాంట్లోనే బిగించి ఉండిపోయిన ఆ సగం కడ్డీని ఆయన కళ్లముందు పూర్తి చెయ్యాలని. లోపల మనిషనేవాడు ఉంటే ఆ చప్పుడుకు ఊరుకోలేడు. అప్పటికీ ఊరుకుంటే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని పెట్టుకునేది.

షట్టరు ఎత్తితే లోపల ఏముంది, తుప్పు! మోటారులో ఎలుకల గూడు, బెల్టు కొరికేసి ఉంది. అన్న ఇక రాడనుకుని కిషన్‌లాల్ విడి సామాన్లన్నీ పాత ఇనుము వాడికి వేసేశాడు. సరళ కిరోసిన్ డబ్బా పెట్టుకుని ఇరవై రోజులు తోమింది. ఇన్నేళ్లు మెషీన్ కింద ఇనుప రజను ఊడ్చిన మనిషి, ఎక్కడేముండాలో కళ్లకు తెలుసు. పాత ఇనుము కుప్పలు తిరగేసి పుల్లీ తెచ్చుకుంది, హ్యాండిళ్లు తెచ్చుకుంది. దొరకనిది ఒక్కటే, ఆయన ఊడదీసిన ఆ గేరు. అది లేకుండా కడ్డీని పట్టుకునే చక్ తిరుగుతుంది గానీ థ్రెడ్డు పడదు.

దానికోసం మూడు నెలలు ఊళ్లన్నీ గాలించింది. ఆఖరికి పెనుబల్లిలో వెంకటేశ్వరరావు గారి వర్క్‌షాపులో అలాంటి పాత మెషీన్ ఉందని విని బస్సెక్కింది. ఆమె చెప్పిందంతా విని ఆయన కళ్లజోడు పైకి నెట్టి తల అడ్డంగా ఊపాడు.

"ఈ గేర్లు ఇప్పుడెక్కడ దొరుకుతాయమ్మా? కొత్తది కోసిస్తాను, కానీ దానికి ఎన్ని పళ్లో తెలియాలి కదా. ఒక్క పన్ను తేడా వచ్చినా మీ ఆయన కోసిన చుట్లు కూడా నాశనమైపోతాయి. ఆ కడ్డీ పట్టుకురా, చూద్దాం."

"అది తియ్య సార్. ఆయన బిగించిండు. తీస్తే మళ్ల గట్ల కూసోదు."

వెంకటేశ్వరరావు ఆమెను ఎగాదిగా చూశాడు. ఈసారి గొంతులో విసుగు లేదు. "అయితే రెండు ఒంటి సబ్బులు తీసుకో. ఒకటి కడ్డీ మీద చుట్లకు, ఒకటి మెషీన్ పొడుగు స్క్రూకు గట్టిగా అదిమి, ఆ అచ్చులు తే. మిగిలిన గేర్ల పళ్లు లెక్కపెట్టుకురా. లెక్క నేను కడతా."

మర్నాడు షాపులో సబ్బు అదుముతుంటే అన్నం గిన్నె తెచ్చిన హేమ్లి గుమ్మంలోనే కూలబడింది.

"ఎందుకే గన్ని తిప్పలు పడుతున్నవ్! అది దొరకది. గోదాట్ల ఉంది."

సరళకు ముందు అర్థం కాలేదు. ముసలామె ఏడుస్తూ చెప్పింది. దవాఖానాలో కొడుకు పిడికిలి విప్పి గేరు తీసింది తనే. ఆ ఇనుమే కొడుకును కొట్టిందని నమ్మింది. దాంతోనే కొడుక్కి మూడుసార్లు దిష్టి తీసి, కొంగున కట్టుకుని పర్ణశాల దాకా పోయి, గోదావరిలో విసిరేసింది.

"మూడు నెలలు! మూడు నెలలు కుక్క తిరిగినట్టు తిరిగిన గదత్తా! చూసుకుంట కూసున్నవా?"

"చెప్తే దాన్నే మళ్ల తెస్తవని భయమైంది బిడ్డా. దాన్ని పారేస్తే కొడుకు లేస్తడనుకున్న. లేస్తడనే అనుకున్న."

కొట్టాలన్నంత కోపం వచ్చింది సరళకు. కానీ ఆ మనిషిని చూస్తే, తనకన్నా పెద్ద ఆశ పెట్టుకుని తనకన్నా ముందే ఓడిపోయిన మనిషి. ఏమని కొడుతుంది? పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. ఆ తర్వాత రెండో సబ్బు తీసి స్క్రూకు అదిమింది.

పది రోజులకు కొత్త గేరు వచ్చింది. మూడు రోజులు కుస్తీ పట్టి బిగించింది. నాలుగో రోజు పొద్దున కిషన్‌లాల్ అన్నను ఎత్తుకొచ్చి మెషీన్ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈ తతంగమంతా తనకు నచ్చలేదని ముఖం మీదే రాసి ఉంది. హేమ్లి గుమ్మం బయటే నిలబడింది.

సరళ బాబూరావు కళ్లలోకి చూసింది. అదే చూపు. గోడ బదులు మెషీన్, అంతే తేడా. ఇన్ని నెలలు దీని కోసమేనా? ఇది కూడా అయిపోతే రేపటి నుంచి ఏం చెప్పుకుని బతకాలి? ఆ ధ్యాసలోనే, ఇన్నాళ్లలో కడ్డీ వదులై ఉంటుందేమోనని చక్‌లో దాన్ని బిగించే ఇనుప తాళం పెట్టి గట్టిగా తిప్పింది. తిప్పి స్విచ్ మీద చెయ్యి వేసింది.

"నీయవ్వ!"

షాపంతా అదిరింది. సరళ చెయ్యి వెనక్కి లాక్కుంది. అరిచింది కిషన్‌లాల్ కాదు. కుర్చీలో బాబూరావు సగానికి లేచి, ఎడమ చేత్తో చక్ వైపు పొడుస్తున్నాడు. కళ్లు నిప్పులు కక్కుతున్నాయి.

చక్‌లో తాళం అలాగే ఉంది. ఆన్ చేసి ఉంటే అది ఎగిరొచ్చి ఆమె ముఖం పచ్చడి చేసేది. ఏ లేత్ పనివాడూ చెయ్యని తప్పు అది.

ఆమె తాళం లాగి పారేసి, పోయి అతని మోకాళ్లు పట్టుకుంది. "ఏమయ్యా, ఉన్నవా? ఉన్నవా నువ్వు? ఇంకోపాలి తిట్టు. ఇంకొక్కపాలి తిట్టవయ్యా!"

బాబూరావు నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు, రాలేదు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి.

సరళ లేచింది. కిందపడిన తాళం తీసుకుంది. దాన్ని మళ్లీ చక్‌లో గుచ్చి, స్విచ్ మీద వేలు పెట్టి, అతని వైపు తిరిగి నిలబడింది.

"వద్దు వదినా!" అంటూ కిషన్‌లాల్ పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వాగు. వద్దని నాకు ఆయన చెప్పాలె."