మూడుసార్లు పిలిచిన మబ్బు

నా చిన్నప్పుడు మా ఊరికి సినిమా పాట మైకు మామ సైకిలు మీద వచ్చేది. ఇంకో దారి లేదు. పత్తికొండకు ఆరు మైళ్ల దూరంలో, శెనక్కాయ చేల మధ్య మాది చిన్న ఊరు. ఎవరింట్లోనూ రేడియో లేదు. పెళ్లి జరగాలన్నా, మా చర్చిలో క్రిస్మస్ జరగాలన్నా మైకు మామ రావాల్సిందే. రికార్డులు తిప్పే పెట్టె సైకిలు వెనక కట్టుకుని, బూరలాంటి లౌడ్‌స్పీకరు భుజాన వేసుకుని, రికార్డుల సంచి హ్యాండిలుకు తగిలించుకుని వచ్చేవాడు. పక్క ఊరి సాయిబుల ఇంటాయన. అసలు పేరు మా ఊళ్లో సగం మందికి తెలియదు. ముసలివాళ్ల నుంచి పసిపిల్లల దాకా అందరికీ ఆయన మామే.

ఇప్పుడు నేను సినిమాల్లో పాడి పాడి తల నెరిసినదాన్ని. ఎక్కడికి వెళ్లినా మీ గురువులెవరమ్మా అని అడుగుతారు. సంగీతం నేర్పిన మాస్టర్లను తలుచుకుని చేతులు జోడిస్తాను, అది మర్యాద. కానీ ఆ ప్రశ్న వినగానే ముందు గుర్తొచ్చేది మైకు మామే. ఆయనకు సరిగమలు రావు. ఎప్పుడైనా సరదా పుట్టి గొంతెత్తితే చూరు మీద కాకులు లేచిపోయేవి. అయినా ఆయన నాకు ఒక్క రోజులో నేర్పింది ఇంకెవరూ నేర్పలేదు.

నాకేమో పాట ఒకసారి వింటే చాలు, పట్టేసేదాన్ని. గొప్పకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కూడా ఉందనుకోండి. పెళ్లిపందిట్లో మైకు మామ పెట్టెకు ఇవతల కూర్చుని రికార్డుతో సమంగా పాడేదాన్ని. అవతలకు మాత్రం పిల్లల్ని రానిచ్చేవాడు కాదు. పెట్టె మూత పైకెత్తి, దాని చాటున తానొక్కడే కూర్చునేవాడు. కరెంటు కొడుతుందని బెదిరించేవాడు. మేమూ నమ్మాం.

మా ఊరందరికీ ప్రాణమైన పాట ఒకటుండేది. ఒక పల్లెపిల్ల చేను గట్టున నిలబడి మబ్బును పిలిచే పాట. చరణం చివర "వస్తావా మబ్బూ" అని అడుగుతుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి అడిగీ అడగకముందే చటుక్కున పల్లవిలోకి దూకుతుంది. ఆ దూకుడు మా వాళ్లకు ఎంత నచ్చిందంటే, మూడో "మబ్బూ" దగ్గర పందిరంతా ఒక్క చప్పట కొట్టి పల్లవి అందుకునేది. కలుపు తీసే ఆడవాళ్లు చేలో అట్లాగే పాడేవాళ్లు. మా జేజి, అంటే మా నాయన తల్లి, చర్చిలో కీర్తనలు తప్ప ఇంకేమీ పాడని మనిషి. ఆమె కూడా ఆ పాటకు తలూపేది. వానలు ఎగ్గొట్టిన ఏడాది, "మూడుసార్లు పిలిసినా పలకదు సూడు, అది ఖచ్చితంగా మన ఊరి మబ్బే" అని నవ్వేది.

నాకు పదేళ్లప్పుడు మా బడి టీచరమ్మ కడప రేడియోకు ఒక కార్డు రాసింది. అక్కడ పిల్లల కార్యక్రమానికి గొంతులు ఎంపిక చేస్తున్నారు. ఎంపికైనవాళ్లకు రేడియోలో పాడే అవకాశంతో పాటు ఎండాకాలం సెలవుల్లో సంగీతం కూడా నేర్పుతారట. రమ్మని జవాబొచ్చింది. మా నాయన చాలాసేపు ఆలోచించి ఒక్క మాట అన్నాడు. ఒకసారి పంపుతాను, తీసుకుంటే సరే, లేదంటే ఇక పాటల ఊసెత్తకుండా చేలో పనికి రావాలి అన్నాడు. ఆయన మాటంటే మాటే. నాకేం భయం వేయలేదు. నన్ను తీసుకోకపోవడం అనేది ఒకటుంటుందని నాకు తోచనే లేదు.

పక్క ఊరి దాకా పరుగెత్తుకుంటూ పోయి మైకు మామకు చెప్పాను. ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఏ పాట పాడతావని అడిగాడు. ఇంకేం పాట, మబ్బు పాటే అన్నాను. ఆయన ముఖంలో సంతోషం కాస్తా పోయింది. వేరేది పాడకూడదా అన్నాడు. నాకు రోషం వచ్చింది. ఆ పాట నాకన్నా బాగా పాడేవాళ్లు జిల్లాలోనే లేరని చెప్పి వచ్చేశాను. మర్నాడు తెల్లారేసరికి ఆయన మా గడపలో ఉన్నాడు. మా నాయనతో ఏదో మాట్లాడి, నన్ను సైకిలు ముందు కడ్డీ మీద ఎక్కించుకుని పత్తికొండకు తొక్కాడు.

పత్తికొండలో టమాటా మార్కెట్టు వెనక ఆయన దోస్తుకు మైకుసెట్ల అంగడి ఉంది. అక్కడ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మబ్బు పాట రికార్డు వేయించాడు. పల్లవి అయింది, చరణం అయింది. పిల్ల "వస్తావా మబ్బూ" అంది. నేను రెండోసారికి నోరు తెరిచాను. రెండోసారి రాలేదు. పిల్లనగ్రోవి వచ్చింది. దాని వెనకే అదే పిల్ల గొంతు మార్చి, మబ్బే మాట్లాడినట్టుగా, "దుక్కి దున్ని ఉంచు పిల్లా, దారి చూసి వస్తా" అని పాడింది. ఆ తర్వాత నింపాదిగా పల్లవి.

నేను స్టూలు దిగి, ఈ రికార్డు చెడిపోయింది, మా ఊళ్లో ఉండేదే సరైంది అని తీర్పు చెప్పాను. అంగడాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మైకు మామ నవ్వలేదు. నన్ను బయటికి తీసుకొచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. ఎదురుగా టమాటా గంపలు దించుతున్నారు. వాటివైపు చూస్తూ చెప్పాడు.

"చెడిపోయింది నాది పాపా. నాలుగేండ్ల కిందట ఒక పెండ్లిలో కునుకు పట్టి చెయ్యి జారినా. ముల్లు ఈడ్చుకుపోయి రికార్డుకు గీత పడె. ఆడికొస్తే ముల్లు ముందుకు పోకుండా అదే మాట చుట్టూ తిరుగుతాంటాది. మూడు సుట్లు తిరగనిచ్చి యేలితో తోస్తాండా. తోస్తే మబ్బు జవాబు దాటుకోని పల్లవిలో పడతాది. ఇంకో రికార్డు కొందామంటే యాడా దొరకల్యా, మా దోస్తుకే మొన్న దొరికె. ఇంతలో జనం అది శానా బాగుండాదని చప్పట్లు కొట్టబట్టిరి. నాకూ బాగనిపిచ్చె. ఆమీన చెప్పాలంటే సిగ్గాయె."

అప్పుడర్థమైంది ఆ మూత చాటున ఏం జరిగేదో. నాకు ఏడుపొచ్చింది. దుఃఖం కాదు, ఒళ్లు మండిపోయే కోపం. నాలుగేళ్లుగా నేను ఎంతో శ్రద్ధగా, ఊపిరి బిగబట్టి నేర్చుకున్నది ఈయన వేలు తోసిన తోపుడా! ఎందుకు చెప్పలేదని ఆయన భుజం మీద పిడికిళ్లతో గుద్దాను. ఆయన గుద్దించుకున్నాడు. తర్వాత, "తప్పు నాది, నీది కాదు. గీత పడింది రికార్డుకు, నీ గొంతుకు కాదు. ఇప్పుడన్నా నేర్చుకోప్పా" అన్నాడు. కోపం కోపంగానే లోపలికి పోయి ఆ పాట మళ్లీ మళ్లీ విన్నాను. మబ్బు జవాబు నోటికొచ్చింది. కానీ పాడబోతే గొంతు దానంతటది ఆ చోట మూడు చుట్లు తిరిగి దూకేసేది. నాలుగేళ్ల అలవాటు నాలుగు గంటల్లో పోలేదు.

ఆ సాయంత్రమే మా ఊళ్లో ఒక పెళ్లి. మైకు మామ దోస్తు దగ్గర మంచి రికార్డు అడిగి తెచ్చుకున్నాడు. గుట్టుగా దాన్ని వేసేసి ఊరుకోవచ్చు. ఎవరైనా అడిగితే కొత్త రకమని చెప్పొచ్చు. ఆయన అట్లా చేయలేదు. పెట్టె మూత దించేసి, మైకు చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. పెళ్లివాళ్ల పేర్లు గడగడా చదివే ఆ మనిషి ఆ రోజు మైకును రెండుసార్లు నోటి దాకా తెచ్చి దించేశాడు. చివరికి, నాలుగేళ్లుగా మీకు వినిపిస్తున్నది చెడిపోయిన పాట, చెడగొట్టింది నేను, చెప్పకుండా దాచిందీ నేనే, నన్ను మన్నించండి అని చెప్పి రికార్డు వేశాడు.

మూడో మబ్బు దగ్గర చప్పట కొడదామని ఎత్తిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పాట అయ్యాక ఒకాయన లేచి, "ఏమప్పా, ఇది సప్పగుండాది, మన పాతదే ఎయ్యి" అన్నాడు. పందిరంతా గొల్లుమంది. మైకు మామ కూడా నవ్వాడు గానీ కళ్లు తుడుచుకున్నాడు. నా పక్కన కూర్చున్న మా జేజి మాత్రం నవ్వలేదు. "నాలుగేండ్లుగా ఆ మబ్బు జవాబు చెప్తానే ఉండాది పాపం. మనకే ఇనపడల్యా" అంది నెమ్మదిగా.

మూడో రోజు నేను, జేజి, మైకు మామ కడప బస్సెక్కాం. రేడియో స్టేషనులో పెద్దవాళ్లను బయటే కూర్చోబెట్టి నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. గోడలకు మెత్తటి అట్టలు కొట్టిన గది. నా అడుగుల చప్పుడు నాకే వినబడలేదు. కళ్లద్దాల పెద్దాయన ఒకరు ఎదురుగా, పక్కన తబలా ఆయన. నేను హాయిగా మొదలుపెట్టాను. గొంతు ఖంగున పలికింది. చరణం చివరికొచ్చాను. "వస్తావా మబ్బూ" అన్నాను. అంతే, గొంతు నా మాట వినలేదు. రెండోసారి అడిగింది, మూడోసారి అడిగింది, చటుక్కున పల్లవిలోకి దూకేసింది.

విచిత్రమేమంటే కళ్లద్దాల పెద్దాయన కళ్లు మూసుకుని తలూపుతున్నారు. తబలా ఆయన ఆ దూకుడుకు ముచ్చటపడి ఒక మంచి ముక్తాయింపు కూడా ఇచ్చాడు. అది నా సొంత చమత్కారం అనుకున్నారు వాళ్లు. ఊరుకుంటే చాలు. పాట ముగించి దండం పెట్టి వచ్చేస్తే చాలు. మా నాయన మాట, చేలో పని, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. వాటితో పాటే మైకును నోటి దాకా తెచ్చి దించిన మామ చెయ్యి కనిపించింది. అంత పెద్దమనిషి, ఊరందరి ముందూ. నేను పల్లవి మధ్యలో ఆగిపోయాను.

"అయ్యా, తప్పు పాడినా. మబ్బు జవాబు ఇడిసిపెట్టినా. మల్లా పాడతా" అన్నాను.

తబలా ఆగింది. పెద్దాయన కళ్లు తెరిచి నన్ను చూశారు. బయట ఇంకా పిల్లలున్నారు, సమయం లేదని తబలా ఆయన గొణిగాడు. ఏం జవాబమ్మా అది, అన్నారు పెద్దాయన. రికార్డు గీత దగ్గర్నుంచి వేలితో తోయడం దాకా మొత్తం చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి మరీ నవ్వారు. నవ్వు తగ్గాక, సరే, ఆ మబ్బు ఏమందో వినిపించు అన్నారు. ఈసారి ఒక్కసారే అడిగాను. అడిగి, ఆగాను. ఆగినప్పుడు మా జేజి అన్న మాట గుర్తొచ్చి, జవాబు వినబడే దాకా ఆగినట్టుగా ఆగి, అప్పుడు పాడాను. అంతకు ముందెప్పుడూ నేను పాటలో ఆగి ఎరగను.

బయటికొస్తే మైకు మామ వరండా స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. ఎట్లా పాడావని అడిగాడు. తప్పు పాడినా మామా, చెప్పేసినా, మల్లా పాడినా అన్నాను. ఆయన భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు. పద్దినాలకు నన్ను తీసుకున్నట్టు కార్డు వచ్చింది. అది చదవడం అయ్యాక మా నాయన నన్ను చేలోకి రమ్మని మళ్లీ ఎప్పుడూ అనలేదు.

ఆ సంగీతంతోనే తర్వాత మద్రాసు చేరాను. మొదటి కొన్నేళ్లూ పెద్ద గాయనులు విని నేర్చుకోవడానికి ముందుగా పాడిపెట్టే పని నాది. వాళ్లు పాడాక నా గొంతు తుడిచేసేవాళ్లు. తుడిచేసే పాటే కదా అని ఒక్కరోజూ తేలిగ్గా పాడలేదు. ఆ తర్వాత నా గొంతుకే పాటలు వచ్చాయి, పేరు వచ్చింది, పోటీల్లో తీర్పు చెప్పే కుర్చీ కూడా వచ్చింది. ఏ పాటైనా ముందు ఎవరు ఎవరితో ఏమంటున్నారో అడిగి తెలుసుకోనిదే మైకు ముందుకు వెళ్లను. పల్లెల నుంచి వచ్చే పిల్లలు ఏ రికార్డో విని తప్పు నేర్చుకొస్తే నాకు కోపం రాదు, ముద్దొస్తుంది.

ఇప్పుడు పాట రికార్డు చేసే పద్ధతే మారిపోయింది. శ్రుతి కాస్త జారినా, మాట మింగినా కంప్యూటరే సరిచేస్తుంది. మొన్న ఒక పాట పాడి, బాగుందని అందరూ అన్నాక, రెండో చరణంలో ఒక అక్షరం సరిగ్గా పలకలేదని నాకే అనిపించింది. అద్దం అవతలి ఇంజనీరుకు చెప్పాను. ఆయన మంచి మనిషి. నా వయసు చూసి జాలిపడ్డాడేమో కూడా. "మీరు కష్టపడకండమ్మా, ఆ ముక్క నేను సర్దేస్తాను, ఎవరికీ తెలియదు" అన్నాడు.

"నాకు తెలుసు కదప్పా. మల్లా పాడతా" అన్నాను.

ఆయన నవ్వి, పాటను మళ్లీ మొదటికి తిప్పాడు.