తడిపితే నీళ్ళగదే

మా పెద్దమ్మ పిల్లల సంరక్షణ కేంద్రంలో ఆయా. ఉద్యోగాలకెళ్ళే వాళ్ళు పొద్దున్నే పిల్లల్ని దింపి పోతారు చూడండి, అలాంటి చోటు. ఏళ్ళ తరబడి అదే పని చేసీ చేసీ ఆవిడకి లోకమంతా మూడేళ్ళ పిల్లల్లాగే కనిపిస్తుంది. బస్సు డ్రైవర్ గట్టిగా బ్రేకు వేస్తే "మెల్లగా నాన్నా" అంటుంది. నాకు పెళ్ళీడు ఎప్పుడో దాటింది, ఇప్పటికీ నలుగురిలో నా మూతి తుడుస్తుంది. సిగ్గుతో చచ్చిపోతాను.

ఆవిడ మాటల్లో ఒకటి మా ఇంటిల్లిపాదికీ ఊతపదం. పక్క తడిపిన పిల్లాణ్ణి ఎత్తుకుని, కళ్ళు పెద్దవి చేసి, "తడిపితే నీళ్ళగదే మరి!" అంటుంది. వెంటనే చక్కిలిగింతలు పెడుతుంది. వాడు పకపకా నవ్వుతాడు. చిన్నప్పుడు నన్నూ అలాగే నవ్వించింది. నీళ్ళగది అంటే ఏమిటని మేమెవరం అడగలేదు. బూచాడి ఇల్లెక్కడని ఎవరైనా అడుగుతారా? అది అమ్మమ్మ మాట, అంతే.

అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఊరి చివర కొండమీద ఒకప్పుడు అనాథ పిల్లల హాస్టల్ ఉండేది, అక్కడ పనిచేసేది. జ్వరాలొచ్చి కొందరు పిల్లలు పోతే దాన్ని మూసేశారు. తలుపులూ కిటికీలూ ఎవరికి దొరికినవి వాళ్ళు పట్టుకుపోయారు. పట్టపగలు కూడా అటు వెళ్ళాలంటే జనానికి జంకు. పెద్దమ్మ మాత్రం ఆ కొండవైపు చూసి మురిసిపోయేది. "అమ్మానాన్నా లేని పిల్లల్ని మా అమ్మే సాకింది. ఈ పని నాకు ఆవిడ దగ్గర్నుంచే అబ్బింది" అనేది. చిన్నప్పుడు ఎంత మారాం చేసినా, పాములున్నాయని అమ్మమ్మ పైకి తీసుకెళ్ళలేదట. అమ్మ తిరిగిన గదుల్లో ఒక్కసారి తిరిగి రావాలని పెద్దమ్మ కోరిక.

అందుకే మా వీధి నడక బృందం ఆ కొండెక్కుదామనగానే అందరికన్నా ముందు ఆవిడే బూట్లు కొనుక్కుంది. ఎప్పుడూ మాతో రాని కళ్ళద్దాల షాపాయన కూడా ఆ రోజు వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి, మాట తక్కువ. దారంతా ముళ్ళకంపలు, కాలు పెడితే జారే రాళ్ళు. "ఈ మోకాళ్ళు నావి కావండీ, అద్దెకి తెచ్చుకున్నవి" అని అందర్నీ నవ్విస్తూనే ఎక్కింది పెద్దమ్మ. ఆయన నవ్వలేదు. ఆయాసం కాబోలు అనుకున్నాం.

పైకెక్కగానే హాస్టల్ కంటపడింది. కప్పు కూలిపోయి, గోడల మధ్య చెట్లు లేచాయి. పొడుగాటి హాల్లో తుప్పు పట్టిన చిన్న చిన్న మంచాలు ఇంకా వరసగానే ఉన్నాయి. తక్కినవాళ్ళు గుమ్మం దాటలేదు. పెద్దమ్మ ఒక్కో మంచాన్నీ ముట్టుకుంటూ నడిచింది. "ఇక్కడే జోకొట్టి ఉంటుంది మా తల్లి" అని గొణుక్కుంది.

కళ్ళద్దాలాయన ఒక మంచం పక్కన కూర్చుని నీళ్ళు తాగబోయాడు. సీసా ఒలికి నీళ్ళన్నీ ప్యాంటు మీద పడ్డాయి. పెద్దమ్మ చూసింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

"అయ్యయ్యో, తడిపేసుకున్నారా! తడిపితే నీళ్ళగదే మరి!"

ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. సీసా జారి కింద పడింది. అంత పెద్దాయన లేచి, గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ మాట మీకెవరు చెప్పారు?"

"మా అమ్మ మాటండీ అది. ఇక్కడే చేసేది."

"కుడికాలు కొంచెం ఈడ్చి నడిచేదా?"

"అవును! మీకు మా అమ్మ తెలుసా!" పెద్దమ్మ సంబరం పట్టలేక ఆయన చెయ్యి పట్టేసుకుంది.

ఆయన విడిపించుకోలేదు. అలాగే ఆవిణ్ణి హాలు వెనక్కి నడిపించాడు. నేనూ వెంట వెళ్ళాను. నీళ్ళ ట్యాంకు కింద చిన్న గది ఉంది. కిటికీ లేదు. ఈ ఒక్క ఇనప తలుపునీ ఎవరూ పట్టుకుపోలేదు. గొళ్ళెం బయటవైపు ఉంది.

"పక్క తడిపితే ఇక్కడ పెట్టేవాళ్ళు. పొద్దున తలుపు తీసేదాకా ట్యాంకు నుంచి కారిన నీళ్ళలోనే నిలబడాలి. మీ అమ్మగారు కాలు ఈడ్చుకుంటూ వచ్చే చప్పుడు వింటే భయానికే ఇంకోసారి తడిసిపోయేది. నా పక్క మంచం వాడు ఒకరోజు తెల్లారాక బయటికి రాలేదమ్మా. జ్వరమని చెప్పారు."

ఆ మాటకి నవ్వుతూ పెరిగినదాన్ని నేను. ఎన్నిసార్లు, ఎంత గట్టిగా నవ్వానో!

"కాదండీ, మీరు ఇంకెవర్నో అనుకుంటున్నారు" అంది పెద్దమ్మ. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "మా అమ్మ నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. నేనూ పక్క తడిపేదాన్ని. విసుక్కునేది కూడా కాదు. దుప్పటి మార్చి తన పక్కన పడుకోబెట్టుకునేది. తడిపితే నీళ్ళగదే అని చక్కిలిగింతలు..."

తానేమందో అప్పుడు తెలిసొచ్చింది ఆవిడకి. చేత్తో నోరు మూసుకుంది.

కళ్ళద్దాలాయన తలుపు మీద చెయ్యి ఆనించి ఆవిడ వైపు తిరిగాడు. నమ్మలేనట్టు చూశాడు.

"దుప్పటి మార్చేదా?" అన్నాడు. "ఆవిడకి పిల్లల్ని లాలించడం చేతకాదేమో, అందుకే మమ్మల్ని అలా చేసిందేమో అనుకుంటూ ఇన్నాళ్ళూ బతికానమ్మా."